ప్రోగ్రాముల వ్రాతకు ప్రూఫు దిద్దుబాటు

పూర్వము మన పుస్తకములలో చెఱువు, గుఱ్ఱము అను మాటలను బండి ఱకారముతో అచ్చువేసెడివారు. నేటి పత్రికలు సాధురేఫముతో చెరువు, గుర్రము అని అచ్చువేయుచున్నవి. పాత వ్రాత తప్పు గాదు. కాని ఒకే పుస్తకములో ఒక పుటలో ఒక తీరు, మరియొక పుటలో మరియొక తీరు కనబడినచో పాఠకుడు తికమకపడును. అందుచేత ముద్రణాలయములలో ఏ తీరు పాటింపవలెనో ముందుగా నిర్ణయించి, ప్రూఫులు దిద్దువారిచే దిద్దింతురు. కంప్యూటరు ప్రోగ్రాముల వ్రాతకును ఇట్టి దిద్దుబాటు కలదు. దానిని గూర్చియే నేటి మా ప్రసంగము.

హైదరాబాదులో పంజగుట్ట దాటి అమీరుపేట చేరినవారికి మైత్రీవనము చుట్టుపట్ల మేడల నిండ శిక్షణ సంస్థల బోర్డులే కనబడును. రెండు మెట్రో మార్గములు కలియు ఈ కూడలికి తెలుగునాట నలుమూలల నుండి యువతీయువకులు వచ్చి, హాస్టళ్లలో బసచేసి, నెలల తరబడి ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొందురు. ఆ ఫీజుల వెనుక తలిదండ్రుల పొదుపో, అప్పో ఉండును. కావున వారు నేర్చునది నేటి వాడుకయా, నిన్నటి వాడుకయా అనునది ఇంటివారందరికిని సంబంధించిన విషయమే.

అక్కడ నేర్పు భాషలలో పైథాన్ ఒకటి. గైడో వాన్ రోసమ్ దీనిని 1991లో లోకమునకు విడుదల చేసెను. ఒక పేరు వెనుక నున్నది అంకెయా, అక్షరముల వరుసయా, జాబితాయా అని వ్రాసి చెప్పవలసిన నిర్బంధము ఇందులో లేదు. చిన్న ప్రోగ్రామునకు అది సుఖమే. పదిమంది కలిసి వ్రాయు పెద్ద ప్రోగ్రామునకు చిక్కు. అందుచే 2015లో వచ్చిన 3.5వ కూర్పునందు ఈ రకములను సూచించుటకు టైపింగ్ అను భాగమును చేర్చిరి. వంటయింటి డబ్బాలపై పప్పు, ఉప్పు అని చీటీలు అంటించుట వంటిదిది.

ఆ చీటీల వ్రాతయే పిమ్మట మారినది. మొదట అంకెల జాబితా అని చెప్పుటకు టైపింగ్ నుండి పెద్ద అక్షరపు లిస్ట్‌ను తెచ్చుకొనవలసి యుండెను. 2020లో 3.9వ కూర్పు వచ్చిన తరువాత, భాషలో పుట్టుకతో నున్న చిన్న అక్షరపు లిస్టే చాలును. 2021లో 3.10వ కూర్పు మరియొక మేలు చేసెను. టెలిఫోను నంబరు ఉండవచ్చును, లేకపోవచ్చును అని తెలుపుటకు అంతకుముందు ఆప్షనల్ అని వ్రాసెడివారు. ఆ మాట చూచి, ఆ వివరమును అసలు ఇవ్వకున్నను సరిపోవునని క్రొత్తవారు భ్రమపడుట కలదు. నిజమునకు విలువ శూన్యము కావచ్చునని మాత్రమే దాని యర్థము. ఇప్పుడు నడుమ ఒక నిలువుగీత పెట్టి, అక్షరముల వరుస లేక శూన్యము అని సూటిగా వ్రాయవచ్చును.

1978లో బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కొరకు లింట్ అను పరీక్షక ప్రోగ్రామును వ్రాసెను. బట్టకంటిన నూలుపీచునకు ఇంగ్లీషులో ఆ పేరు. నేడు పైథానునకు రఫ్ అను సాధనము వాడుకలో నున్నది. అందలి యు.పి. 006 అను నియమము పాత లిస్టును పట్టి చూపును, యు.పి. 007, యు.పి. 045 నియమములు నిలువుగీత వ్రాతను కోరును. ఆజ్ఞ ఇచ్చినచో అది తానే దిద్దును.

ఇచ్చట ఒక హెచ్చరిక. ప్రోగ్రాము నడువవలసిన యంత్రమునందు 3.8వ కూర్పే యున్నచో, దిద్దిన క్రొత్త వ్రాత దానికి బోధపడక ప్రోగ్రాము ఆరంభమునందే ఆగిపోవచ్చును. 3.8కి మద్దతు 2024లోను, 3.9కి 2025లోను ముగిసినను, పాత యంత్రములు ఒక్కనాట మాయము కావు. కావున మన కనిష్ఠ కూర్పేదో సాధనమునకు ముందే చెప్పవలెను. అప్పుడది ఆ కూర్పునకు మించిన దిద్దుబాటు జోలికి పోదు. పాత ఫైళ్లను దిద్దునపుడు ఆ మార్పును వేరుగా నుంచవలెను. లెక్కల మార్పును అందులో కలిపినచో, వందల పంక్తుల నడుమ అసలు మార్పు పరీక్షించువారి కంటబడదు.

మరియొక మాట. ఈ నియమములు వ్రాత తీరును చూచునే గాని చీటీలోని నిజమును చూడవు. ఉప్పు డబ్బాపై పప్పు అని అందముగా వ్రాసినను అభ్యంతరము చెప్పవు. ఆ పని మైపై వంటి వేరొక పరీక్షకునిది.

పాత నోట్సు చదివిన విద్యార్థి శ్రమ వ్యర్థము గాదు. నడుచుచున్న ప్రోగ్రాములలో పాత వ్రాత ఇంకను ఉన్నది. దానిని చదువ నేర్చుట అవసరమే. వ్రాయునపుడు మాత్రము క్రొత్త తీరు అలవడవలెను. పదిమందిలో గురువు మందలించిన చిన్నబోవు విద్యార్థి, యంత్రము అప్పటికప్పుడు చూపిన లోపమును నొచ్చుకొనక దిద్దుకొనును. అమీరుపేటకు పిల్లలను పంపు తలిదండ్రులు ఎన్ని భాషలు నేర్పుదురని అడుగుట పరిపాటి. వ్రాసినదానిని దిద్దు ఏర్పాటు ఏమి కలదని కూడ అడుగుడని మా మనవి.