బహమనీ రాజ్యం ఐదు ముక్కలైన వైనం
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనందరికీ తెలిసిన గోల్కొండ ఒకప్పుడు బహమనీ రాజ్యంలో భాగం. 1347లో గుల్బర్గా రాజధానిగా ఏర్పడిన ఆ రాజ్యానికి తరువాత బీదరు రాజధాని అయింది. అంతటి రాజ్యం ఐదు ముక్కలైంది పరాయివాడి దండయాత్ర వల్ల కాదు, ఇంటిపోరు వల్లనేనని నా అభిప్రాయం.

దర్బారులో రెండు వర్గాలుండేవి. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన దక్కనీలు ఒకరు, ఇరాన్ మొదలైన దేశాల నుండి వచ్చిన అఫాకీలు మరొకరు. ప్రధానమంత్రి మహమూద్ గవాన్ ఇరాన్ నుండి వచ్చినవాడే. అయినా పదవులను ఉభయులకూ పంచాడు. తరఫ్‌లనే నాలుగు రాష్ట్రాలను ఎనిమిది చేశాడు. మన తెలంగాణ తరఫ్ రాజమండ్రి, వరంగల్లుగా విడిపోయింది. ఒక్కో అధికారి చేతిలో ఒక్క కోట మాత్రమే ఉంచి, మిగతావి సుల్తాను అధీనంలోకి తెచ్చాడు. పెత్తనం తగ్గినవారికి కంటగింపు కాదా మరి!

గవాన్ ముద్ర ఉన్న ఖాళీ కాగితం సంపాదించి, ఒరిస్సా రాజును దండెత్తి రమ్మని ఆయన రాసినట్లు దొంగ ఉత్తరం సృష్టించారు. ముద్ర తనదే గాని ఉత్తరం తనది కాదని ఆయన మొరపెట్టుకున్నాడు. ఆఫీసుల్లో పనిచేసిన మనకు తెలుసు, ఆరోపణ వస్తే విచారణ జరపాలి. మూడో మహమ్మద్ షా అది జరపలేదు. 1481లో కొండపల్లి విడిదిలో ఆ వృద్ధమంత్రి తల తీయించాడు. మరుసటి ఏడాదే తానూ మరణించాడు.

అంతటి మంత్రికే న్యాయం జరగకపోతే మన గతేమిటనుకున్నారు అధికారులు. బీదరు పిలుపును నమ్మేవాడు లేకపోయాడు. కుట్రలో ముఖ్యుడైన మలిక్ హసన్ కూడా 1486లో హత్యకు గురయ్యాడు. 1490 ప్రాంతంలో అతని కొడుకు అహమ్మద్‌నగర్‌లోను, యూసుఫ్ ఆదిల్ ఖాన్ బీజాపూర్‌లోను, ఫతుల్లా ఇమాదుల్ ముల్క్ బేరార్‌లోను స్వతంత్రులయ్యారు. బీదరులో మంత్రులైన బరీదులు సుల్తానును బొమ్మను చేశారు. ఆ తరువాత గోల్కొండలో కులీ కుతుబ్ షా స్వతంత్రుడయ్యాడు.

1565లో విజయనగరం మీదికి నలుగురు కలిసి వెళ్ళినా, ఆ పొత్తు నిలవలేదు. 1574లో బేరారును అహమ్మద్‌నగర్, 1619లో బీదరును బీజాపూర్ మింగాయి. మిగిలిన మూడింటిని 1636, 1686, 1687 సంవత్సరాల్లో మొగలులు కలుపుకున్నారు.

బీదరులో 1472లో గవాన్ కట్టించిన మదర్సా శిథిలమైనా నేటికీ నిలిచి ఉంది. అటు వెళ్ళినవారు తప్పక చూడండి. రాజ్యమైనా, సంఘమైనా, కుటుంబమైనా ఒకరిపై మాట వచ్చినప్పుడు వారి సంజాయిషీ విన్న తరువాతే తీర్పు చెప్పాలి. ఆ నమ్మకం పోతే కోటలున్నా నిలుపలేవు.