స్టువర్టుపురం నుంచి చుండూరు దాకా: నేరాల లెక్కల చరిత్ర



వినుకొండలో గుర్రం జాషువా కుమార్తెగా పుట్టి, నేరస్తుల సంస్కరణకు జీవితాన్ని వెచ్చించిన హేమలతా లవణం స్మృతికి అంకితమైన ఈ ప్రసంగం, గుంటూరు, ప్రకాశం మైదానంలో నేరాల రేటు ఎందుకు మారుతూ వచ్చిందో పరిశీలిస్తుంది. నేరాల రేటు అంటే ఏడాదిలో లక్ష జనాభాకు పోలీసు స్టేషన్లలో నమోదైన కేసుల సంఖ్య. జరిగిన నేరాలన్నీ అందులోకి రావు. నకిలీ విత్తనంతో నష్టపోయిన మిరప రైతు స్టేషన్ మెట్లెక్కి కేసు పెట్టిస్తే అది మోసం, ఎక్కకపోతే అది పంట నష్టంగానే మిగిలిపోతుంది.

నమోదుకూ నేరానికీ ఉన్న ఈ తేడాకు మొదటి ఉదాహరణ ఎరుకలవారిది. వారు ఒకప్పుడు కోస్తా ఉప్పును గాడిదల మీద లోపలి ఊళ్లకు మోసుకెళ్లి ధాన్యానికి మార్చుకునేవారు. రైలు మార్గాలు, ప్రభుత్వ ఉప్పు విధానం ఆ వ్యాపారాన్ని దెబ్బతీయగా, వారిలో అనేకులపై నేరస్త తెగల చట్టం, అంటే పుట్టుకను బట్టే మనిషిని అనుమానితుడిగా నమోదు చేసే చట్టం, వచ్చి పడింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో బాపట్ల దగ్గర వెలసిన స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పేరు రిజిస్టరుకెక్కేది, హాజరు పలకాల్సి వచ్చేది, ఊరు దాటాలంటే అనుమతి కావాల్సి వచ్చేది. అనుమతి లేకుండా బయటికి వెళ్లడమే శిక్షార్హమైనప్పుడు, ఎవరి సొమ్మూ ముట్టకుండానే నేరస్తుల సంఖ్య పెరుగుతుంది. 1918లో ధరలు మండిపోయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో సంతలు, ధాన్యపు కొట్లు దోపిడీకి గురికావడాన్ని బట్టి, ఆకలికీ నేరానికీ ఉన్న సంబంధం ఒక్క కులానికి పరిమితం కాదని తేలుతుంది. నేరస్త తెగల చట్టం 1952లో దేశమంతటా రద్దైనా అనుమానం రద్దు కాలేదు. 1970వ దశకంలో లవణం దంపతులు స్టువర్టుపురంలో పని చేపట్టినది ఆ అనుమానం నడుమనే.

ఇదే మైదానంలో దీనికి సరిగ్గా విరుద్ధమైన చరిత్ర మరొకటి ఉంది. పేదల చిల్లర తప్పులను వెంటాడి రాసిన రిజిస్టర్లు, దళితులు తిన్న దెబ్బలను మాత్రం చాలా కాలం ఊరి తగాదాలుగా వదిలేశాయి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. బాధితులు చీరాలలో తలదాచుకున్నారు, ఆ పోరాటంలోంచి దళిత మహాసభ పుట్టింది. కులాన్ని బట్టి జరిగే హింసను ప్రత్యేక నేరంగా గుర్తించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురికాగా, ఆ చట్టం కింద ప్రత్యేక న్యాయస్థానం చుండూరులోనే ఏర్పడి 2007లో 21 మందికి యావజ్జీవం విధించింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. నమోదైన నేరం వేరు, రుజువైన నేరం వేరు. మొదటి దాని సంఖ్య రెండో దానికి సాక్ష్యం కాదు.

లెక్కించే పద్ధతిలోనూ చిక్కులున్నాయి. జాతీయ నేర రికార్డుల సంస్థ ఒకే ఎఫ్‌ఐఆర్‌లో అనేక నేరాలుంటే అన్నిటికన్నా తీవ్రమైన దాన్నే లెక్కిస్తుంది. పైగా స్టువర్టుపురం, కారంచేడు, చుండూరు మూడూ 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరాయి కనుక, పాత జిల్లాల అంకెలను కొత్తవాటితో నేరుగా పోల్చడం కుదరదు.

అందుచేత రేటు పెరిగిన ఏడాదిని అరాచకంగానూ, తగ్గిన ఏడాదిని శాంతిగానూ చదివే అలవాటును పరిశోధకులూ పత్రికలూ విడిచిపెట్టాలి. పెరిగింది హింసా, లేక ఫిర్యాదు చేసే ధైర్యమా అని ప్రతి అంకెనూ ముందుగా ప్రశ్నించడం బాధితుల పట్ల చరిత్రకారుల కనీస బాధ్యత.