క్యాన్సరు వైద్యం ఆపాలా వద్దా: మా సంఘం చూసింది



పొదుపు, లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు. అత్తిలి నుంచి మేము వేరే సంగతి చెప్పడానికి వచ్చాం.

మా సంఘంలో ఒక అక్కకి అండాశయం క్యాన్సరు వచ్చింది. ఆపరేషను, కీమో ఆరోగ్యశ్రీలోనే జరిగాయి. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, మన నోటికి పాత పేరే అలవాటు. ఏడాదిన్నర బాగానే ఉంది. తర్వాత జబ్బు తిరగబెట్టి లివరుకి పాకింది. మళ్ళీ కీమో మొదలెట్టారు. నాలుగు డోసులయ్యేసరికి పొట్టలో నీరు, నోరంతా పుండ్లు, జావ కూడా మింగలేదు. ఆ నెల మీటింగు వాళ్ళింట్లోనే పెట్టాం. పైఖర్చులకి ముప్పై వేలు సంఘం అప్పు కావాలని వాళ్ళాయన అడిగారు. ఆవిడ మంచం మీంచే, "ఇంక నేను సూదులు పొడిపించుకోనర్రా, అప్పు ఇవ్వకండి" అంది.

ఎవరికీ నోరు పెగల్లేదు. డబ్బు కోసం అమ్మని చంపుకున్నారంటారని కొడుకు ఏడ్చాడు.

ఆవిడతో పాటు ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఏ ఆసుపత్రో ఇక్కడ అనవసరం. "ఈ మందు జబ్బు నయం చేస్తుందా, కొన్నాళ్ళు ఆపుతుందా, మానేస్తే ఏమవుతుంది" అని అడిగాం. ఆయన ఫైల్లోంచి తలెత్తకుండా, "మీరేం చదువుకున్నారు" అన్నారు. పదో తరగతి అని చెప్పాం. "మానేస్తే మీ ఇష్టం, నొప్పని మళ్ళీ నా దగ్గరికి రావద్దు" అన్నారు. ఆ మాటకి ఆవిడ వణికిపోయింది. చావుకి భయపడని మనిషి అండీ, నొప్పికి భయపడింది.

అక్కడే ఫైలు నకళ్ళు అడిగి తీసుకున్నాం. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి డాక్టర్ల నియమాల్లోనే ఉంది. ఇంకో డాక్టరుని అడగడం మన హక్కు. తెలివిలో ఉన్న మనిషి వైద్యం వద్దనొచ్చని 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది.

రెండోచోట డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఈ కీమోతో జబ్బు పోదని ఆవిడకే చెప్పారు. కొడుక్కి కాదు, ఆవిడకి. ఆపేస్తానంటే సరేనన్నారు. పొట్టలో నీరు తీయించి, మార్ఫిన్ బిళ్ళలు రాశారు. మత్తుమందని మనం దడుస్తాం గానీ డాక్టరు చెప్పిన లెక్కలో వేసుకుంటే క్యాన్సరు నొప్పికి అది మందే. మలబద్ధకం చేస్తుంది, దానికీ మందిస్తారు. 2014లో చట్టం మార్చి కొంత సులువు చేశారు, అయినా అన్ని షాపుల్లో దొరకదు. ఇలా నొప్పి చూసే విభాగం విశాఖ దగ్గర అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రిలో ఉంది, హైదరాబాదు ఎం.ఎన్.జె.లో ఉంది. మనం తాడేపల్లిగూడెంలో రైలెక్కి దువ్వాడలో దిగితే అగనంపూడి దగ్గరే.

ఇది విని నయమయ్యే దశలో ఉన్నవాళ్ళు కీమో మానేసి ఆకుపసరుకి పోకండి. రొమ్ము క్యాన్సరు, గర్భసంచి ముఖద్వారం క్యాన్సరు ముందుగా కనిపెడితే చాలామందికి నయమవుతాయి. మా అక్క కూడా మొదటిసారి వైద్యం పూర్తిగా చేయించుకున్న మనిషే.

ఆవిడ ఇంకో మూడు నెలలు ఇంట్లోనే ఉంది. కొడుకు బిళ్ళ వేసిన టైము పొదుపు పుస్తకం రాసినట్టు గీతలు కొట్టి రాసేవాడు. అప్పు ఎనిమిది వేలే తీసుకున్నారు, తీరిపోయింది. ఆవిడ స్థానంలో కోడలు సంఘంలో చేరింది, ఇవాళ వచ్చింది కూడా. ఆ బిళ్ళల సంగతి, నీరు తీయించిన సంగతి అడగాలనుకునేవాళ్ళు భోజనాల దగ్గర ఆ అమ్మాయిని అడగండి, చెబుతానంది.