నెత్తుటి సినిమాలు, కొట్లాటల లెక్క

1980లలో బ్రిటన్‌లో వీడియో క్యాసెట్లు ఇల్లిల్లూ చేరాయి. వాటితో పాటే ‘ది ఈవిల్ డెడ్’ లాంటి నెత్తుటి సినిమాలూ వచ్చాయి. పిల్లలు చెడిపోతున్నారని పత్రికలు గగ్గోలు పెట్టాయి, పోలీసులు దుకాణాల మీద పడి క్యాసెట్లు పట్టుకుపోయారు, 1984లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది.

ఆ భయం నిజమేనా? అమెరికాలో గోర్డన్ డాల్, స్టెఫానో డెల్లావిన్యా అనే ఆర్థికవేత్తలు 1995 నుంచి 2004 దాకా సినిమాల వసూళ్లనూ, పోలీసు రికార్డుల్లోని దాడులనూ పక్కపక్కన పెట్టి చూశారు. హింసాత్మక చిత్రాలకు జనం ఎగబడిన రోజుల్లో దాడులు పెరగలేదు సరికదా, తగ్గాయి! కారణం వింటే నవ్వొస్తుంది. కయ్యానికి కాలు దువ్వే కుర్రాళ్లు ఆ సాయంత్రం హాల్లో కూర్చున్నారు, మందు జోలికి పోలేదు. సినిమా ఆ కుర్రాళ్లను మంచివాళ్లను చేయలేదు, వీధిలోకి రాకుండా ఆపిందంతే. ఏళ్ల తరబడి చూస్తే ఏమవుతుందో మాత్రం ఈ లెక్క చెప్పదు.

పసివాళ్ల సంగతి వేరు. ఒక్క భీకర దృశ్యం చాలా కాలం వాళ్ల నిద్ర చెడగొట్టగలదు. మన దేశంలో పెద్దల చిత్రాలకిచ్చే ‘ఏ’ సర్టిఫికెట్ హాలు గేటు దగ్గర పనిచేస్తుందేమో గానీ, చేతిలో ఫోన్ దగ్గర కాదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం పెద్దల చిత్రాలకు తాళం వేసుకునే వీలు ఓటీటీలు కల్పించాలి. నన్నడిగితే, సెన్సారు కత్తెర కన్నా ఆ తాళమే మేలు.