ఇల్లు బజారుకు తూర్పున ఉండాలి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఏ. బకాయిల గురించి అనుకొని కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాను. "అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు సైకిలు గురించి చెప్పండి" అన్నారు. వెనక వరుసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పు లేదు. డెబ్బయి అయిదేళ్ల మనిషి మార్కాపురం బజారులో బెల్లు కొట్టుకుంటూ పోతుంటే బడిపిల్లలు కూడా నవ్వుతారు. నాకు అలవాటైపోయింది.

అయితే నేను మనవి చేయదలచింది సైకిలు ఒక్కదాని గురించి కాదు. రిటైరైన మనిషి ఇల్లు ఎక్కడ చూసుకోవాలి అన్నదాని గురించి. ఈ రెండింటికీ సంబంధం ఉందని తెలుసుకోవడానికి నాకు పదేళ్లకు పైగా పట్టింది. గ్రాట్యుటీ సొమ్ములో పెద్ద భాగం పోయింది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. అది కాసేపట్లో చెబుతాను.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు సారాంశం. అందుకే ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. పెన్షను చేతికి వస్తోంది, సంతోషం. కానీ ఆ డబ్బు తెచ్చుకోవడానికి, మందులు కొనుక్కోవడానికి, స్నేహితుడి ఇంటికి వెళ్లడానికి కొడుకునో, ఆటోవాడినో అడగవలసి వస్తే ఆ హక్కులో సగం వాళ్ల చేతుల్లోకి పోయినట్టే. ఒకరిని అడగకుండా బయటికి వెళ్లి రావడం, నా దృష్టిలో, పెన్షనుతో సమానమైన ఆస్తి. ఆ ఆస్తి నిలబడేదీ పోయేదీ మనం ఇల్లు ఎక్కడ తీసుకున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది.

నేను 1972లో ఉద్యోగంలో చేరాను. అంతకు రెండేళ్ల ముందే మన తాలూకాలను కర్నూలు జిల్లా నుంచి తీసి కొత్త ఒంగోలు జిల్లాలో కలిపారు. నేను చేరిన ఏడే ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. గిద్దలూరు తాలూకాఫీసులో ఉండగా సైకిలు అడ్వాన్సుకు అర్జీ పెట్టుకున్నాను. ఈ తరం పిల్లలకు తెలియదు గాని, ప్రభుత్వం సైకిలు కొనుక్కోవడానికి అడ్వాన్సు ఇచ్చి నెలనెలా జీతంలో కోసుకునేది. అట్లా కొన్న సైకిలు మీద అడంగళ్ల కట్టలు కట్టుకొని ఊళ్లు తిరిగాను. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మీటరుగేజి రైలు పోయి బ్రాడ్‌గేజి వచ్చింది. హద్దులు మారాయి, ఆఫీసులు మారాయి. నా వాహనం మాత్రం మారలేదు.

2008లో యాభై ఎనిమిదో ఏట రిటైరయ్యాను. అప్పట్లో ప్లాట్ల జోరు మీకు గుర్తుండే ఉంటుంది. మార్కాపురానికి పడమట, పెద్దరోడ్డు అవతల, ఒక ప్లాటు కొన్నాను. ఒక ఆదివారం పొద్దున్నే ఆరు గంటలకు సైకిలు మీద వెళ్లి చూసి వచ్చాను. చల్లగాలి, ఖాళీ రోడ్డు, దూరాన నల్లమల కొండలు. పదిహేను నిమిషాల్లో ఇంటికి చేరాను. ఇంకేం కావాలి అనుకొని రెండేళ్లలో ఇల్లు కట్టేశాను. నేను కొన్నానని నా పక్క సీటులో పనిచేసిన మిత్రుడు కూడా పక్క ప్లాటు తీసుకున్నాడు. నేనే దగ్గరుండి కొనిపించాను.

ఆదివారం పొద్దున ఆరు గంటలకు చూసి ఇల్లు కొనడం ఎంత తెలివితక్కువో ఆ ఇంట్లో చేరాక తెలిసింది. మొదటిది గాలి. మన ప్రాంతంలో జ్యేష్ఠం, ఆషాఢం వచ్చాయంటే పడమటి గాలి రోజంతా హోరుమంటుంది. పొద్దున బజారుకు పోయేటప్పుడు అది వెనక నుంచి తోసేది, హాయిగా ఉండేది. ఎండ ఎక్కాక కూరగాయల సంచితో తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి. తొక్కలేక దిగి నడిపించుకుంటూ వచ్చిన రోజులు లెక్కలేనన్ని.

రెండోది ఎండ. బజారు మనకు తూర్పున ఉంటే పొద్దున వెళ్లేటప్పుడు సూర్యుడు కళ్లల్లోకే కొడతాడు. సాయంత్రం పడమటికి తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ కళ్లల్లోకే. కంట్లో పొర మొదలైన వయసులో ఎదురొచ్చే వాహనం కనపడదు.

మూడోది రోడ్డు. మేము చేరిన కొన్నేళ్లకు ఆ పెద్దరోడ్డు ఎర్రగొండపాలెం నుంచి కనిగిరి వైపు పోయే 565 నంబరు జాతీయ రహదారిలో కలిసింది. వెడల్పయింది. బండ్ల వేగం పెరిగింది. దాన్ని దాటకుండా పాల ప్యాకెట్టు కూడా తెచ్చుకోలేం.

2016లో ఒక సంధ్యవేళ నా మిత్రుడు మందులు తీసుకొని వస్తూ ఆ రోడ్డు దాటుతున్నాడు. లారీ తగిలింది. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. తప్పు లారీదా, ఆయనదా, దీపం లేని ఆ రోడ్డుదా అని అందరూ మాట్లాడుకున్నారు. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఆ ప్లాటు కొనమన్నది నేను. పెద్దకర్మ నాడు ఆయన భార్య నన్ను ఒక్క మాట అనలేదు. "అన్నయ్యా, మీరు ఆ రోడ్డు మీద జాగ్రత్త" అని మాత్రం అంది. ఈ రోజు మీ ముందు నిలబడడానికి అసలు కారణం ఆ మాట.

2019లో ఆ ఇల్లు అద్దెకిచ్చి ఊళ్లోకి వచ్చేశాం. సొంత ఇల్లు వదిలి అద్దె ఇంట్లో ఉండడమేమిటని చుట్టాలు దెప్పారు. మా ఆవిడ మాత్రం "ఇన్నాళ్లకు మీకు బుద్ధి వచ్చింది" అంది.

2023లో మా అబ్బాయి హైదరాబాదు రమ్మన్నాడు. "నాన్నా, మీ కోసమే అన్నట్టు సైకిలు రోడ్డు వేశారు" అని ఆశ పెట్టాడు. ఆ ఏడు అక్టోబరు 1న నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు అవుటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభించారు. పైన సౌరఫలకాల కప్పు, రాత్రిపూట దీపాలు. లారీ భయం లేదు, ఎండ లేదు. అబద్ధమెందుకు, దాని మీద మొదటిసారి తొక్కిన రోజు చిన్నపిల్లవాడినయ్యాను. మన దేశంలో ఇట్లాంటిది చూస్తాననుకోలేదు.

కానీ మా అబ్బాయి ఇంటి నుంచి ఆ దారి దగ్గరకు పోవడానికి కారు కావాలి. ఆదివారం వాడు సైకిలును కారుకు కట్టి నన్ను తీసుకుపోయేవాడు. మిగతా ఆరు రోజులూ ఆరో అంతస్తులో కూర్చుని కింద వాహనాలు లెక్కపెట్టేవాడిని. మాత్రలు కావాలంటే కోడలు ఫోనులో తెప్పించేది. మనిషి మంచిది, ఏ లోటూ చేయలేదు. అయినా అయిదు నెలల్లో నా అంతట నేను ఒక్క వస్తువూ కొనుక్కోలేదు. అప్పుడర్థమైంది, వ్యాయామానికి తొక్కే సైకిలు వేరు, బతకడానికి తొక్కే సైకిలు వేరు. మొదటిది ఎక్కడైనా తొక్కవచ్చు. రెండోదానికి ఇల్లు సరైన చోట ఉండాలి. సంక్రాంతి వెళ్లాక తిరిగి వచ్చేశాం.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి చూద్దాం. మార్కాపురం చాలావరకు చదునుగా ఉంటుంది. చెన్నకేశవస్వామి గుడి, బ్యాంకులు, సబ్ ట్రెజరీ, పెద్దాసుపత్రి అన్నీ సైకిలు దూరంలోనే. స్టేషను మాత్రం పేరులోనే "రోడ్" అని చెబుతోంది, ఊరికి ఎడంగా ఉంది. పలకల గనుల వైపు పోతే దారి పక్కన పలక పెచ్చులు, ఎటు పోయినా సర్కారు తుమ్మ ముళ్లు, అందుకని పంక్చరు షాపు ఎంత దూరమో ముందే చూసుకోవాలి. భూగర్భ జలంలో ఫ్లోరైడు సంగతి మీకు కొత్త కాదు. మంచినీళ్ల క్యాను క్యారియరుకు కట్టుకొని తెచ్చుకోగలిగినంత దూరంలోనే నీళ్లు దొరకాలి.

గిద్దలూరులో నల్లమల పక్కనే ఉంటుంది. పొద్దున దిగువమెట్ట వైపు పోతే మనసుకు ఎంతో హాయి. అక్కడి నుంచి నందికనుమ ఎక్కడం మొదలవుతుంది, అది మన వయసుకు కాదు. ఊరి మీదుగా గుంటూరు, అనంతపురం రహదారి పోతుంది గనుక ఇల్లు, బజారు ఆ రోడ్డుకు ఒకే పక్కన ఉండేట్టు చూసుకోవాలి.

కంభం చిన్న ఊరు. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే చెరువు ఉంది. పొద్దున చెరువు దాకా పోయి కట్ట మీద కాసేపు కూర్చుని వచ్చేవాళ్లకు అంతకు మించిన చోటు లేదు. అయితే పెద్ద డాక్టరు కావాలంటే మార్కాపురమో, ఇంకా పైకో రావాలి. ఒంగోలులో అన్నీ ఉన్నాయి, మనకు సుమారు వంద కిలోమీటర్లు. అక్కడ శివార్లలో ఇల్లు చూసుకునేవాళ్లు నేను చేసిన పొరపాటే చేయకుండా చూసుకోండి.

ఏ ఊరైనా సరే, కొనేముందు కొన్ని పనులు చేయమని మనవి.

మొదటిది, ముందు ఆ వీధిలో రెండు మూడు నెలలు అద్దెకుండండి. ఆషాఢం గాలి, ఒక వాన, వీలైతే ఒక వేసవి చూడండి. అద్దె దండగ అనుకోవద్దు, నేను పోగొట్టుకున్నదానితో పోలిస్తే అది ఏమీ కాదు.

రెండోది, వారంలో మీరు వెళ్లే చోట్లు కాగితం మీద రాసుకోండి. బ్యాంకు, మందుల షాపు, కూరగాయలు, డాక్టరు, గుడి, గ్రంథాలయం, ఒక స్నేహితుడి ఇల్లు. ఒక్కొక్కచోటికీ పనిరోజు సాయంత్రం ఆరు గంటలకు తొక్కి చూడండి. పదిహేను నిమిషాలు దాటకూడదు. పెద్దరోడ్డు ఒక్కసారి కూడా అడ్డం రాకూడదు. వస్తే ఇల్లు ఎంత చవకైనా వద్దు.

మూడోది, ఇల్లు బజారుకు తూర్పున ఉంటే మేలు. పొద్దున పడమటికి పోతాం, సూర్యుడు వీపు వెనక ఉంటాడు. సాయంత్రం తూర్పుకు వస్తాం, అప్పుడూ వెనకే. ఆషాఢంలో బరువుతో తిరిగివచ్చేటప్పుడు గాలి కూడా వెనక నుంచే తోస్తుంది. వాస్తు చెప్పేవాళ్లు ద్వారం తూర్పున ఉండాలంటారు. నేను ఇల్లే తూర్పున ఉండాలంటాను.

నాలుగోది, నేలమీద ఇల్లే తీసుకోండి. సైకిలును మెట్లెక్కించవలసి వస్తే వారం రోజుల్లో సైకిలు మూలన పడుతుంది.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. మీ ఆవిడను అడగండి. మా ఆవిడ సైకిలు తొక్కదు, మోకాళ్ల నొప్పి. నాకు పదిహేను నిమిషాల సైకిలు దూరం ఆమెకు గంట నడక. ఆ పడమటింట్లో ఉన్నన్నాళ్లూ నేను ఊరంతా తిరిగి వచ్చేవాడిని, ఆమె గేటు దాటలేదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడున్న వీధిలో పాల కేంద్రం, గుడి, ఇద్దరు ముగ్గురు తోటి ఆడవాళ్లు ఆమె నడకకు అందుతారు. రేపు నేను సైకిలు మానేసినా నాకూ అవే అందుతాయి.

మానేసే రోజు వస్తుంది. పోయిన ఏడు ఇంటి ముందే పడ్డాను, మణికట్టు బెణికింది. అప్పటి నుంచి అడ్డకమ్మీ లేని సైకిలు తొక్కుతున్నాను, సీటు దించుకున్నాను, రెండు కాళ్లూ నేలకు ఆనతాయి. ఆడవాళ్ల సైకిలు అని ఎవరైనా నవ్వితే నవ్వనిస్తాను. పొద్దు గుంకితే బయటికి తీయను. వెనక ఎర్రదీపం, తెల్లచొక్కా తప్పనిసరి.

చివరగా కార్యవర్గానికి ఒక విన్నపం. ఊళ్లలో పెన్షనర్లు ఎక్కువగా పెద్దరోడ్డు దాటే చోట్లు మనమే గుర్తించి, అక్కడ దీపాలు, తెల్లచారలు, వేగనిరోధకాలు కావాలని అధికారులకు వినతిపత్రం ఇద్దాం. వినతిపత్రాలు రాయడం మన వృత్తే గదా, ఎంతమందికో రాసిపెట్టాం. ఒకటి మన కోసం కూడా రాసుకుందాం. ముసాయిదా నేను తయారుచేసి తెచ్చాను. అందులో మొదటి చోటుగా నా మిత్రుడు పోయిన చోటు రాశాను. సభ ముగిశాక సంతకాలు చేయవలసిందిగా కోరుతున్నాను.

 పొద్దు గుంకకముందే ఇల్లు చేరాలి గనుక భోజనాలయ్యాక సెలవు తీసుకుంటాను.