శనివారం చివరి పీరియడ్

(ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పే టీచర్ని. సామాజిక న్యాయం గురించి పిల్లలు మాట్లాడుకునే సంఘాన్ని బడిలో ఎలా నడపాలో చెప్పమని నన్ను పిలిచారు. ఎలా నడపకూడదో నాకు ఇంకా బాగా తెలుసు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా సంఘానికి బోర్డు లేదు, అధ్యక్షుడు లేడు. శనివారం చివరి పీరియడ్, వేపచెట్టు కింద, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. అంతే. మొదటి రోజు నేను బాబాసాహెబ్ చిన్నతనం చెప్పాను. సతారా బడిలో కూర్చోడానికి ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకోవడం, ప్యూను వచ్చి కుళాయి తిప్పితే తప్ప దాహం తీరకపోవడం. పిల్లలు కళ్లార్పకుండా విన్నారు. ఆ ఊపులో మా పల్లె నుంచి వచ్చే ఒక అబ్బాయిని లేపి, "నీకు ఇలాంటిదేమైనా జరిగిందా నాన్నా, చెప్పు" అన్నాను.

వాడు లేచి నిలబడ్డాడు. ఏమీ మాట్లాడలేదు. తర్వాతి శనివారం రాలేదు.

వారం తర్వాత వాళ్లమ్మ దారిలో కనిపించింది. "మా వోడు నలుగురిలో లేచి ఆ మాట చెప్పాలా టీచరమ్మా? బళ్లోనన్నా అందరి పిల్లల్లా ఉంటాడనే గదా పంపేది" అంది. నేనూ పల్లెలో పుట్టి పెరిగినదాన్నే. అయినా ఆ మాట నాకు ముందే తోచలేదు. వాడి గాయాన్ని నేను పాఠం చేశాను. మిగతా పిల్లల్ని ప్రేక్షకుల్ని చేశాను.

ఆ రోజు నుంచి మాకు ఒకటే నియమం. ఎవరినీ వాళ్ల కులం అడగం, వాళ్ల బాధ చెప్పమని అడగం. తమంతట తాము చెబితే వింటాం. చర్చ మాత్రం మనుషుల మీద కాదు, బడిలో జరిగే పనుల మీద మొదలవ్వాలి.

అలాంటి చర్చకు దారి చూపింది ఒక ఎనిమిదో తరగతి పాప. రోజూ ప్రార్థనలో ప్రతిజ్ఞ చెబుతాం కదా. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులోనే రాసిన ప్రతిజ్ఞ అది. ఆ పాప అడిగింది: "టీచర్, అందరం తోబుట్టువులం అని పొద్దున్నే చెప్తాం. ఆ వెంటనే గది ఊడ్చేది మాత్రం ఎప్పుడూ మేమే ఎందుకు?"

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. లెక్క రాద్దాం అన్నాను. ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చాం. నాలుగు వారాలు. గది ఎవరు ఊడ్చారు, స్టాఫ్ రూముకి నీళ్లు ఎవరు తెచ్చారు, గ్లాసులు ఎవరు కడిగారు, అతిథికి పూలగుత్తి ఎవరిచ్చారు, వందన సమర్పణ ఎవరు చేశారు. కులం గడి లేదు, పేర్లు మాత్రమే.

నాలుగు వారాల తర్వాత చదివాం. ఊడ్చిన వాళ్లలో ఒక్క అబ్బాయి పేరూ లేదు. పూలగుత్తి ఇచ్చింది ప్రతిసారీ ఆ ముగ్గురు అమ్మాయిలే. గ్లాసులు కడిగిన పేర్లన్నీ ఒకే వాడవి. మా ఊళ్లో అది ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పిల్లలు నాకు తెలియకుండా ఇంకో గడి గీశారు: "పంపింది ఎవరు?" అందులో నా పేరు ఏడుసార్లు ఉంది.

నేను కావాలని చేయలేదు. చెబితే కాదనకుండా చేసే పిల్లల్నే పిలిచాను. కులం బడిలో ఇలాగే బతుకుతుంది. తిట్టక్కర్లేదు, అలవాటు చాలు.

సంగతి ఊళ్లోకి వెళ్లింది. బళ్లో కులాలు నేర్పుతున్నారని కొందరు వచ్చారు. హెడ్మాస్టర్ గారు పిలిచి, "ఎందుకమ్మా ఈ గొడవ, ఆపేయండి" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, భయపడ్డారు. నేను నోట్‌బుక్ ఆయన ముందు పెట్టాను. పక్కన మన పాఠ్యపుస్తకమే పెట్టాను. వివక్ష కూడదన్న 15వ అధికరణ, అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణ అందులోనే ఉన్నాయి. "పరీక్షకు రాయమంటున్నది ఇదే కదా సార్, బళ్లో ఉందో లేదో చూశాం" అన్నాను.

ఆయన చాలాసేపు ఆ పేర్లు చూశారు. సోమవారం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. చీపురైనా పూలగుత్తైనా రోల్ నంబరు ప్రకారమే. మా గ్లాసులు మేమే కడుక్కోవాలి. ఒక తండ్రి వచ్చి, "మా వాడు చీపురు పట్టడమేంటండీ?" అంటే, ఆయన "ఈరోజు పద్నాలుగో నంబరండీ" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. భయపడే మనిషికి కూడా నిలబడడానికి ఒక నియమం ఆసరా అయింది.

గెలవనిదీ చెప్పాలి. మధ్యాహ్న భోజనం వండేవాళ్ల నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మా బళ్లో వండేది పల్లె ఆమే. ఇప్పటికీ కొందరు పిల్లలు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటారు. అన్నం విషయంలో ఇంట్లో పోట్లాడమని ఏ పిల్లకీ నేను చెప్పను. ఆ బరువు పిల్లలది కాదు. నేను మాత్రం ఆ వరసలో కూర్చుని తింటాను. మొదట్లో ఒక్కదాన్నే, ఇప్పుడు ఇంకో ఇద్దరు టీచర్లు వస్తున్నారు.

మహాడ్ గుర్తుచేసుకోండి. బహిరంగ చెరువులు అందరివని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానించింది. ఆ నీళ్లు తాగడానికి 1927లో బాబాసాహెబ్ వేలమందితో నడవాల్సి వచ్చింది. కోర్టులో ఆ వివాదం తేలేసరికి 1937. కాగితం మీదికి ఎక్కిన న్యాయం చేతికి అందడానికి అంత కాలం, అంతమంది మనుషులు కావాలి. మనకు వారానికి ఒక్క పీరియడ్ ఉంది.

ఇక్కడున్న టీచర్లకు నా విన్నపం ఒక్కటే. పెద్ద బ్యానర్ వద్దు. ఒక నోట్‌బుక్ కొనండి. పిల్లల చేతికివ్వండి. "పంపింది ఎవరు" అన్న గడి తప్పకుండా పెట్టించండి. అందులో మీ పేరు కనిపిస్తే కొట్టేయకండి.

మొదటి శనివారం నేను లేపి నిలబెట్టిన ఆ అబ్బాయి మళ్లీ ఎప్పుడూ వేపచెట్టు కిందికి రాలేదు. పది పాసై వెళ్లిపోయాడు. మీ బళ్లో ఏ పిల్లవాడూ అలా నిలబడకూడదనే ఇదంతా చెప్పాను.

జై భీమ్. జై సావిత్రీబాయి.