మెదడులోని దారులు - రెండు గుంపుల పోలిక



నేటి ప్రసంగ విషయము పేరునకు క్రొత్తదే గాని, దానిలోని న్యాయము మన పొలములలోను రచ్చబండల మీదను చిరకాలముగా నున్నదే. రెండు గుంపుల మనుష్యులను ఎదురెదురుగా నిలిపి, “వీరి మెదడునకును వారి మెదడునకును భేదమున్నది” అని చెప్పదలచినవాడు ముందుగా చేసికొనవలసిన యేర్పాట్లేవి? ఇదియే నేడు విచారింపదగినది.

మెదడులో “సంబంధము” అనగా నేమో మొదట చెప్పెదను. విజయవాడలోని బెంజ్ సర్కిల్ మీలో చాలమంది యెరిగినదే. చెన్నై నుండి కోల్‌కతా పోవు రహదారియు, బందరు రోడ్డును అచ్చట కలిసికొనును. ఒకడు బెంజ్ సర్కిల్ వద్దను, మరియొకడు రామవరప్పాడు వద్దను కూర్చుండి, నిమిషనిమిషమునకు పోవు బండ్లను లెక్కించిరనుకొనుడు. ఇచ్చట రద్దీ పెరిగినపుడెల్ల అచ్చటను పెరిగి, ఇచ్చట తగ్గినపుడెల్ల అచ్చటను తగ్గినచో, ఆ రెండు కూడళ్లకును పొత్తు కలదని దారిని చూడకయే యూహింపవచ్చును. మెదడు విషయమును ఇట్టిదే. మనిషిని ఎం.ఆర్.ఐ. యంత్రములో పరుండబెట్టి, మెదడులో ఒక్కొక్క చోట రక్తములోని ప్రాణవాయువు వలన గలుగు హెచ్చుతగ్గులను కొన్ని నిమిషములపాటు గుర్తింతురు. ఏ రెండు చోట్ల హెచ్చుతగ్గులు జతగా నడచునో, ఆ రెంటికిని సంబంధమున్నదందురు. ఏ పనియు చేయక ఊరక పరుండినవాని మెదడులో సయితము ఈ పొత్తు కనబడునని 1995లో భరత్ బిశ్వాల్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి అమెరికాలో వెల్లడించెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. దసరా పండుగనాడు రెండు కూడళ్లలోను రద్దీ పెరుగును. అది ఆ రెంటి నడిమి దారి మహిమ గాదు. కొండమీది అమ్మవారి యుత్సవము మహిమ. మూడవ కారణము రెంటిని కదలించినను, రెంటికి పొత్తున్నట్లే కనబడును. ఈ మూడవ కారణమును తొలగించుటయే పోలికలో సగము పని.

కావున మొదటి యేర్పాటు, సమానులను సమానులతో పోల్చుట. ఒక వరి వంగడమును కాలువ యెగువ భూమిలోను, వేరొకదానిని శివారు భూమిలోను నాటి, పంట కొలిచి, ఇది మేలు అది కీడు అని తీర్పు చెప్పినవానిని చూచి రైతులు నవ్వుదురు. ఆ భేదము వంగడముదో నీటిదో ఎవరు చెప్పగలరు? మనుష్యులను పోల్చునపుడును వయస్సు, చదువు, వృత్తి, స్త్రీపురుష భేదము మున్నగునవి రెండు గుంపులలో సరిపోలవలెను. లేదా వాని ప్రభావమును లెక్కలో తీసివేయవలెను.

దీనికి మన దేశములోనే మంచి యుదాహరణ మున్నది. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి గారును వారి సహచరులును, మతిక్షీణత రోగము సోకిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితము ప్రకటించిరి. వారిలో రెండు గాని అంతకు మించి గాని భాషలు మాటలాడువారు 391 మంది. ఒకే భాష యెరిగినవారి కంటె వీరికి రోగము సుమారు 4½ సంవత్సరములు ఆలస్యముగా ఆరంభమైనది. “రెండు భాషలవారు చదువుకొన్నవారు, పట్టణవాసులు కావచ్చును గదా” అని మీరడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. చదువు, వృత్తి, గ్రామపట్టణ నివాస భేదములను లెక్కలోనికి తీసికొన్నను భేదము నిలిచినది. అక్షరజ్ఞానము లేనివారిలోను అది కనబడినది. ఇది మెదడులోని దారులను చూచిన పరిశోధన గాదు, రోగము మొదలైన వయస్సును చూచినది. రెండవ భాష రోగమునకు మందని చెప్పుటకును ఇది చాలదు. కాని పోలికను నిలుపు పద్ధతి ఇందు స్పష్టము.

దారులనే చూచిన పరిశోధన లక్నో సమీపమున జరిగినది. చదువురాని 30 మంది పల్లెవాసులలో 21 మందికి ఆరు మాసములు హిందీ చదువను వ్రాయను నేర్పిరి; 9 మందికి నేర్పలేదు. ముందును తరువాతను అందరి మెదడులను పరీక్షించిరి. నేర్చినవారిలో, తల వెనుకభాగమున చూపునకు సంబంధించిన చోటునకును మెదడు లోతట్టు భాగములకును పొత్తు బలపడినదని 2017లో ప్రకటించిరి. నేర్పని 9 మంది ఎందులకని అడుగవచ్చును. రెండవమారు యంత్రములో పరుండునపుడు మనిషికి బెదురు తగ్గును. ఆ మార్పు చదువు ఫలమని భ్రమపడకుండుటకే వారు. చదివినవారిని ఒక ప్రక్కను, చదువనివారిని ఒక ప్రక్కను నిలిపి ఒక్కమారు పోల్చియున్నచో, పేదరికము చేసిన పని చదువురానివాని మెదడునకు కొరతగా అంటగట్టబడి యుండెడిది. తప్పుగా నిలిపిన పోలిక ఒక జనసమూహమునకే నిందయగును. అయినను 30 మంది స్వల్పసంఖ్యయే. ఇతరులును చేసి చూచిన గాని మాట గట్టిపడదు.

రెండవ యేర్పాటు, కదలికను కనిపెట్టుట. పరీక్షలో తల రవ్వంత కదలినను లేని పొత్తులు పుట్టి, ఉన్న పొత్తులు మరుగుపడునని 2012లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. పిల్లలు పెద్దలకంటె ఎక్కువ కదలుదురు. వారి మెదడులను పోల్చినప్పుడు కనబడిన భేదములో కొంత, మెదడు పెరుగుదల గాక తల కదలిక యని తేలినది.

మూడవది, కాకతాళీయమును లెక్కించుట. మెదడును 100 చోట్లుగా విభజించినచో, జతలు 4,950 అగును. నూటికి 5 మార్లు యాదృచ్ఛికముగా రాగల భేదమును నిజమని యొప్పుకొనినచో, గుంపుల నడుమ ఏ భేదమును లేకున్నను సుమారు 247 జతలలో భేదమున్నట్లు తోచును! 2009లో అమెరికాలో కొందరు చచ్చిన సాల్మన్ చేపను యంత్రములో నుంచి, మనుష్యుల బొమ్మలు చూపిరి. ఈ జాగ్రత్త లేని లెక్క ప్రకారము ఆ చేప మెదడులో చలనము కనబడినది. లెక్క సవరింపగా మాయమైనది. ఇందులకు ఒక యుపాయము చీట్లు కలుపుట వంటిది. ఎవడు ఏ గుంపువాడో ఆ పేర్లను వేలకొలది మార్లు కలగాపులగము చేసి, ఊరక వచ్చు భేదము ఎంతవరకు పోవునో చూచి, దానిని మించినదానినే నమ్ముదురు.

అనేక కొలతలను ఒక్కటిగా కూర్చి గుంపులను పోల్చు శాస్త్రమును వృద్ధిచేసినవారిలో మనవారొకరు, కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. నూజివీడు, నందిగామలలో బాల్యమున చదివిన వీరు, 1946 మొదలు కేంబ్రిడ్జిలో సూడాన్ దేశపు ప్రాచీన సమాధులలోని యెముకల కొలతలను పరిశీలించి, 1948లో డాక్టరు పట్టమందిరి. 2023లో, 102 ఏండ్ల వయస్సున కీర్తిశేషులైరి.

పెద్దలారా, “మెదడులో భేదము కనుగొన్నారు” అని పత్రికలో చదివినపుడు ఇవి యడుగుడు. ఎవరిని ఎవరితో పోల్చిరి? వారు మిగిలిన విషయములలో సమానులా? ఎందరు? ఎన్ని చోట్ల వెదకిరి? మరియొకరికిని అదియే కనబడినదా? గుంపు సరాసరి ఒక్క మనిషికి తీర్పు గాదనియు మరువకుడు.

తుదిమాట. వైద్యశాస్త్రజ్ఞులు మీ యూరికి వచ్చి ఆరోగ్యవంతులైన వృద్ధులను పరీక్షకు కోరినపుడు, “రోగము లేని నాతో పనియేమి?” యనకుడు. రోగి ప్రక్కన నిలుచుటకు ఆరోగ్యవంతుడు లేనిచో పోలికయే లేదు. సమ్మతిపత్రమును చక్కగా చదివి, సందేహములు తీర్చుకొని, ఇష్టమైనచో అంగీకరింపుడు. మీరు గడపు ఆ కొద్దిపాటి కాలము, ముందుతరమువారి మతిక్షీణతకు కారణము వెదకు పనిలో ఒక చేయి సాయము.